ఒడిలో గిటార్, తీగల్లో ప్రార్థన: చర్చి స్టీల్ శ్రుతుల విశేషాలు

మామూలు గిటార్‌లో కార్డ్‌ను, అంటే కలిసి మోగే స్వరాల గుంపును, వేళ్లు కడతాయి. ల్యాప్ స్టీల్ గిటార్‌లో ఆ పని శ్రుతి చేసినప్పుడే ముగిసిపోతుంది. వాద్యాన్ని ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటుతారు. కడ్డీ తిన్నగా ఉంటుంది కాబట్టి తీగలన్నిటినీ ఒకే గీత దగ్గర తాకుతుంది. శ్రుతిలో ఏ స్వరాలను కూర్చారో, ఆ గుంపే మొత్తంగా పైకీ కిందికీ కదులుతుంది. అమెరికాలోని కొన్ని నల్లజాతి పెంతెకొస్తు చర్చిల్లో ఎనభై ఏళ్లకు పైగా ఆరాధనను నడిపిస్తున్నది ఈ వాద్యమే. అక్కడి వాద్యకారులు ఎంచుకున్న శ్రుతులను చూస్తే ఆ ఆరాధన తీరే తెలుస్తుంది.

ఆ చర్చిలకు మూలమైన సంఘాన్ని స్థాపించింది ఒక స్త్రీ. మదర్ టేట్‌గా అందరూ పిలిచే మేరీ మాగ్డలీనా లూయిస్ టేట్ 1903లో దాన్ని మొదలుపెట్టారు. పేరు చాలా పొడవు: ‘చర్చ్ ఆఫ్ ది లివింగ్ గాడ్, ది పిల్లర్ అండ్ గ్రౌండ్ ఆఫ్ ది ట్రూత్’. తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలోని మాటలవి. 1930లో ఆమె చనిపోయాక మరుసటి ఏడాది సంఘం కీత్, జ్యువెల్, లూయిస్ అనే మూడు డొమినియన్లుగా విడిపోయింది. స్టీల్ గిటార్ వేళ్లూనుకున్నది కీత్, జ్యువెల్ శాఖల్లో. వేరే చర్చిల్లో ఆర్గాన్ కూర్చునే చోట ఇక్కడ స్టీల్ కూర్చుంటుంది. కానుకలు తీసుకెళ్లే ఊరేగింపు మొదలుకొని ఆత్మావేశంతో జనం నాట్యమాడే వేళ వరకూ ముందుండి నడిపేది అదే.

వాద్యం పుట్టింది మాత్రం హవాయిలో. ఓవాహు ద్వీపంలోని లాయియెకు చెందిన జోసెఫ్ కెకుకు 19వ శతాబ్దం చివర్లో, ఇంకా బడి పిల్లాడిగా ఉండగానే, గిటార్ తీగల మీద ఇనుప ముక్కను జరిపి వాయించే పద్ధతిని రూపుదిద్దాడని చెబుతారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనతో ఆ నాదం అమెరికా అంతటా పాకింది. 1930ల చివర్లో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ అనే వ్యక్తి ఒక హవాయి వాద్యకారుడి దగ్గర పాఠాలు నేర్చుకుని, ఆ గిటార్‌ను చర్చికి తెచ్చాడు. అన్న వాయించింది హవాయి పద్ధతిలోని తీయని సంగీతం. తమ్ముడు విల్లీ ఈసన్ దారి వేరు. ఒక చరణం సగం పాడి ఆపేసేవాడు, మిగతా సగం గిటార్ పూర్తిచేసేది. ఎక్కువగా ఒక్క తీగ మీదే, గొంతులోని జీర, మూలుగు, మాట విరుపు అన్నీ పలికించేవాడు. వీధి మలుపుల్లో అతను వాయిస్తుంటే జనం గుమిగూడేవారు. ‘మాట్లాడే గిటార్’ విల్లీ అన్న పేరు అలా స్థిరపడింది. నా దృష్టిలో ఈ సంప్రదాయానికి అసలు పునాది విల్లీయే. వాద్యాన్ని అన్న తెస్తే, దానికి మాట నేర్పింది తమ్ముడు.

ఇక శ్రుతుల సంగతి. చర్చి స్టీల్ వాద్యకారుల్లో బాగా వ్యాప్తిలో ఉన్నవి ఇ మేజర్, ఇ సెవెంత్. ఆరు తీగల ఇ మేజర్ శ్రుతి కింది నుంచి పైకి ఇలా ఉంటుంది: ఇ, బి, ఇ, జి షార్ప్, బి, ఇ. ఇ ని షడ్జమంగా పట్టుకుంటే అది స–ప–స–గ–ప–స. కడ్డీ పెట్టకుండా మీటితే ఇ కార్డ్, ఐదో గీత (మామూలు గిటార్‌లో మెట్టు ఉండే చోటు) మీద పెడితే ఎ, ఏడో గీత మీద బి, పన్నెండో గీత మీద మళ్లీ పై స్థాయి ఇ. సువార్త గీతాల్లో చాలావాటికి ఈ మూడు కార్డ్‌లు సరిపోతాయి. జనం నాట్యంలో మునిగిపోయినప్పుడు మూడూ అక్కర్లేదు, ఎంతసేపైనా ఒక్క కార్డ్ మీదే వాద్యబృందం లయను పెంచుతూ పోతుంది. విల్లీకి బావమరిది అయిన హెన్రీ నెల్సన్ ఫ్లోరిడాలో ఆ లయనే తన ప్రత్యేకతగా చేసుకున్నాడు. కడ్డీ ఆనించకుండా మోగే తెరిచిన తీగలు అలాంటి వాయింపుకు పెద్ద ఆస్తి.

ఇ మేజర్ గుంపులో డి స్వరాన్ని, అంటే కైశికి నిషాదాన్ని, ఒక తీగకు చేరిస్తే ఇ సెవెంత్ అవుతుంది. ఆ ఒక్క స్వరంతో బ్లూస్ వాసన వస్తుంది. మేజర్ కార్డ్ హాయిగా కుదురుకుని కూర్చుంటే, సెవెంత్ ఇంకేదో కావాలన్నట్టు నిలబడి ఉంటుంది. ప్రసంగీకుడి గొంతు పెరుగుతున్నప్పుడు వెనక నుంచి ఎగదోయడానికి అదే కావాలి.

హవాయి, కంట్రీ సంగీతాల్లో ప్రసిద్ధమైన సి సిక్స్త్ స్వభావం వేరు. సి, ఇ, జి, ఎ, సి, ఇ. మన లెక్కలో స–గ–ప–ద–స–గ, అంటే మోహనంలో రిషభం తీసేసినట్టే. అందులో సి మేజర్, ఎ మైనర్ రెండూ దాగి ఉంటాయి, కడ్డీని కొంచెం ఏటవాలుగా పెడితే మరిన్ని జంట స్వరాలు దొరుకుతాయి. సొగసుకు అది గొప్ప శ్రుతి. కానీ ఏడుపూ కేకా పలకాల్సిన చోట ఇ శ్రుతికున్న మొరటు బలం దానికి లేదు.

శ్రుతి నిలబడటం వాద్యం ఒంటి మీద కూడా ఆధారపడుతుంది. మొదట బాగా అమ్ముడైన ఎలక్ట్రిక్ గిటార్ ల్యాప్ స్టీలే. 1932లో బజారుకొచ్చిన రికెన్‌బ్యాకర్ ‘ఫ్రైయింగ్ ప్యాన్’ ఒళ్లంతా అల్యూమినియం. వేదిక దీపాల వేడికి లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. ఆ ఇబ్బంది తీర్చడానికి 1935లో బేకలైట్‌తో చేసిన నమూనా వచ్చింది.

శ్రుతిలో గాంధారం దగ్గర ఒక సూక్ష్మం ఉంది. స్వరాల మధ్య దూరాన్ని కొలిచే సెంట్ల లెక్కలో, పియానో గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. సహజ గాంధారం 386 సెంట్లే. స్టీల్‌కు ఎత్తయిన మెట్ల కట్టుబాటు లేదు కాబట్టి చాలామంది జి షార్ప్ తీగను చెవితో ఆ 14 సెంట్లు దించుకుంటారు. అప్పుడు కార్డ్‌లోని అల్లాట ఆగిపోయి నాదం ఒక్కటిగా నిలుస్తుంది. తంబురా మీటినప్పుడు ఎవరూ మీటకుండానే వినబడే స్వయంభూ గాంధారం ఇదే. మెట్లు లేని గోటువాద్యం వినే అలవాటున్నవాళ్లకు స్టీల్ జారుళ్లు అంత త్వరగా దగ్గరవడంలో వింత లేదు.

ఇదే స–ప–స–గ–ప–స వరసను ఒక స్వరం కింద, డి లో పెట్టుకుంటే పాత బ్లూస్ వాళ్ల ‘వెస్టపోల్’ శ్రుతి. హెన్రీ వొరాల్ గిటార్ కోసం రాసిన ‘సెబాస్టపోల్’ అనే రచన పేరే నోళ్లలో నలిగి అలా మారింది. క్రిమియా యుద్ధంలో ముట్టడికి గురైన రేవు పట్టణం పేరు టెక్సాస్ పల్లెల దాకా వెళ్లిందన్నమాట! టెక్సాస్ భక్తిగాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ స్లైడ్ వాయించింది ఈ డి శ్రుతిలోనే. 1927 డిసెంబరులో డాలస్‌లో అతను మాటల్లేకుండా మూలుగుతూ రికార్డు చేసిన ఒక కీర్తన, 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలకు ఎక్కించిన బంగారు రికార్డులో ఉంది. మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉన్నదీ ఆ రికార్డులోనే.

డి నుంచి ఇ కి శ్రుతి పెంచితే తీగల బిగువు సుమారు 26 శాతం పెరుగుతుంది. చాలా ల్యాప్ స్టీళ్లలో మోగే తీగ పొడవు 22.5 అంగుళాలు, ఎలక్ట్రిక్ గిటార్‌లలో 25.5 అంగుళాలు మామూలు. లెక్కేసి చూస్తే, ఒకే మందం తీగ పొట్టి స్టీల్ మీద ఇ లో ఉన్నా, పొడుగు గిటార్ మీద డి లో ఉన్నా బిగువు దాదాపు సమానమే.

మళ్లీ చర్చికి వస్తే, జ్యువెల్ శాఖలో లోరెంజో హారిసన్ వా–వా పెడల్‌తో మరో గొంతు సృష్టించాడు. డెట్రాయిట్‌కు చెందిన కాల్విన్ కుక్, రాచెస్టర్‌కు చెందిన చక్ క్యాంప్‌బెల్ వంటివాళ్లు పెడల్ స్టీల్‌కు మారారు. అందులో కాలితో నొక్కితే వాయిస్తుండగానే శ్రుతి మారుతుంది. చక్‌కు 2004లో అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్ దక్కింది. చర్చి బయటి శ్రోతలకు ఈ సంగీతాన్ని తొలిసారి విస్తృతంగా వినిపించింది ఆర్హూలీ సంస్థ 1997లో తెచ్చిన ‘సేక్రెడ్ స్టీల్’ ఆల్బమ్. ఆ తర్వాత రాబర్ట్ రాండాల్ఫ్ 13 తీగల స్టీల్‌తో పెద్ద వేదికలెక్కాడు.

ఇంట్లో గిటార్ ఉన్నవాళ్లు ఇ మేజర్ శ్రుతిని ప్రయత్నించవచ్చు. మామూలు శ్రుతిలో మూడు తీగలే మారతాయి: ఎ ని బి కి, డి ని ఇ కి, జి ని జి షార్ప్‌కు పెంచాలి. పాత తీగలు తెగుతాయనుకుంటే డి శ్రుతి మేలు. కింది ఇ ని డి కి, జి ని ఎఫ్ షార్ప్‌కు, బి ని ఎ కి, పై ఇ ని డి కి దించాలి. తీగలను ఎత్తు చేసే ‘నట్ ఎక్స్‌టెండర్’ అనే చిన్న ఇనుప ముక్కను నట్ మీద (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ మీద) తగిలిస్తే కడ్డీ మెట్లకు తగలదు. కడ్డీని మెట్ల మధ్యలో కాదు, సరిగ్గా మెట్టుకు పైనే పెట్టాలి.