వీధంతా కలిసి చేసే బొమ్మ!

తెల్లారేసరికి మైదానంలో ఓ మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు. మామూలు మనిషా... పదుల అడుగుల పొడవు! తలకు కిరీటం, మెలితిప్పిన మీసం, గుడ్లురిమే కళ్లు. ఒళ్లంతా మట్టే. చిత్తూరు జిల్లా వాళ్లకు ఆయన్ను పరిచయం చేయక్కర్లేదు. భారతం ఉత్సవాల చివర్లో కనిపించే దుర్యోధనుడు!

వేసవి వచ్చిందంటే కుప్పం చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో భారతం జరుగుతూనే ఉంటుంది. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు ఇదే సందడి.

మూడు భాషలు... ఒకే కథ

కుప్పానికి ఓ పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో ఇక్కడ నెలకొల్పింది అందుకే. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో కన్నడం వినిపించడం ఇక్కడ వింతేం కాదు. తమిళనాట కూడా ద్రౌపదమ్మ గుళ్లున్నాయి. అక్కడ ఇదే కథను తెరుక్కూత్తుగా ఆడతారు. మట్టి దుర్యోధనుణ్నీ చేస్తారు. కాబట్టి అటునుంచి కోడలిగా వచ్చినమ్మాయికి భాష కొత్త కావచ్చునేమో గానీ, బొమ్మ మాత్రం కొత్త కాదు!

మట్టిని తడిపి, కుప్పపోసి, ఆకారం తెచ్చి రంగులు పూస్తారు. తొడ దగ్గర ఎర్రనీళ్లు దాచిపెడతారు. భీముడు, దుర్యోధనుడు వేషాలు కట్టినవాళ్లు గదలతో బొమ్మ చుట్టూ పరుగులు తీస్తారు. భీముడు తొడ మీద కొట్టగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత జనం ఎగబడి ఆ మట్టిని పిడికెడు పట్టుకుపోతారు. గాదెలో వేస్తే ధాన్యానికి, పొలంలో చల్లితే పంటకు మంచిదని నమ్మకం.

బొమ్మ ఎవరిది?

హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ తరఫున కళాకారులు అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఇరుకు సందులకు కొత్త కళ వచ్చింది. కానీ ఇలాంటి బొమ్మలు ఎక్కడ వేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఎండకూ వానకూ రంగు వెలిసిపోతే మళ్లీ వేసేదెవరు?

మన మట్టిబొమ్మ ఒక్కరోజు కూడా నిలవదు. అయినా మళ్లీ ఉత్సవం వచ్చేసరికి లేచి కూర్చుంటుంది. ఎందుకంటే చేసే పని ఊరి చేతుల్లోనే ఉంది గనుక.

మరి ఆ చేతుల్లో మనవెన్ని?

ముందు తననే ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కెక్కడిదని నిండు సభలో నిలదీసిన స్త్రీ కథ ఇది. ఆ కథ ఆడేచోట చాలావరకు మనం చాప పరుచుకు కూర్చునే ప్రేక్షకులమే. ముగ్గులు, పొంగళ్లు, వచ్చిన చుట్టాలకు వంటలూ వార్పులూ మనవి. ద్రౌపది వేషం సైతం మగవాళ్లే కట్టడం పాత ఆనవాయితీ. అర్జున తపస్సు రోజున పిల్లల్లేని ఆడవాళ్లు తపస్సు మాను కింద తడిబట్టలతో సాగిలపడతారు. లోపం మగవారిలోనూ ఉండొచ్చని డాక్టర్లు ఎంత చెప్పినా, ఆ వరుసలో కనిపించేది మాత్రం ఆడవాళ్లే!

ఎవరి నమ్మకాన్నీ తప్పు పట్టడం లేదు. చందా ఇచ్చే ఇంట్లో సగం మనుషులం మనమే కదా, పనిలోనూ సగం అడుగుదాం అంటున్నామంతే. ఈసారి కమిటీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల పేర్లు చేర్చమనండి. మట్టి తొక్కేటప్పుడు మీ అమ్మాయిని కూడా పంపండి. పక్కింటి తమిళావిడను, ఎదురింటి కన్నడావిడను కలుపుకోండి. రోజూ వాకిట్లో చుక్కల లెక్క తప్పకుండా ముగ్గు వేసే చేతులకు దుర్యోధనుడి మీసం దిద్దడం ఓ లెక్కా?

సాయంత్రానికి బొమ్మ మట్టిలో కలిసిపోతుంది. ఎలా చేయాలో చేసిన చేతులకే గుర్తుంటుంది. ఆ చేతుల్లో మన అమ్మాయిలవీ ఉండాలి కదూ!