గోడకు మాలు, మనిషికి మాట

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. డబ్బు సంగతి అలా వుంచండి. పదిమందిని ఒక్క మాట మీద నడిపించడమే ఈ రెండింటిలోనూ అసలు కష్టం. పెళ్లిలో ఆ భారం పెళ్లిపెద్దది, కట్టడంలో మేనేజరుది. సిమెంటు ధర, ఇనుము ధర నాలుగు దుకాణాల్లో వాకబు చేసే మనం, ఆ మేనేజరు నోరు ఎటువంటిదో విచారించడం అరుదు.

మా ఆలూరు చేవెళ్ల దగ్గర వున్నది. హైదరాబాదు నుంచి మొయినాబాదు మీదుగా వచ్చే మర్రిచెట్ల రోడ్డు మాకు దారి. నగరం కూడా ఆ దారినే మావైపు నడిచి వస్తున్నది. పొద్దుపోని వేళ నేను ఆ కట్టడాలు చూస్తూ నిలబడుతుంటాను.

ఒకచోట సెంట్రింగు విప్పగానే పిల్లరు అడుగున కంకర బయటపడి గుల్లగా కనిపించింది. మేస్త్రీని పక్కకు పిలిచి అడిగాను.

"పోసేటప్పుడే అనుమానమొచ్చింది సారూ. వైబ్రేటరు నడుమల ఆగింది. చెప్తే నలుగుర్ల తిడ్తడు. అందుకే ఊకున్న" అన్నాడు.

పిల్లరు పగలగొట్టి మళ్లీ పోశారు. పోయిన సరుకు, రెండోసారి కూలి, ఆలస్యమైన రోజులు, అప్పు మీద వడ్డీ కలిపి చూసుకుంటే ఒక్క తిట్టు ఖరీదెంతో తెలుస్తుంది. భయమున్న చోట తప్పులు తగ్గవు, దాక్కుంటాయి. దాక్కున్న తప్పుకు ఖర్చు రెట్టింపు.

ఒక్కొక్కప్పుడు ఆ ఖర్చు డబ్బుతో తీరదు. కెనడాలో క్విబెక్ వద్ద సెయింట్ లారెన్స్ నది మీద పెద్ద ఉక్కు వంతెన కడుతున్న రోజుల్లో, కింది దూలాలు వంగుతున్నట్లు పనిస్థలంలోని యువ ఇంజనీరు గమనించాడు. పెద్ద ఇంజనీరు థియోడర్ కూపర్ వుండేది న్యూయార్కులో. ఉత్తరాలు నడిచాయి, వాదనలు జరిగాయి. చివరకు ఆ యువకుడే న్యూయార్కు వెళ్లి చెప్పాడు. బరువు పెంచవద్దని కూపర్ తంతి కొట్టాడు, కాని అది పనిస్థలానికి కాక కంపెనీ కార్యాలయానికి పోయింది. పని ఆగలేదు. 1907 ఆగస్టు 29 సాయంత్రం వంతెన కూలి 75 మంది చనిపోయారు. లెక్కలో తప్పున్న మాట నిజమే. ఆ తప్పును పసిగట్టిన మాట మాత్రం వేళకు చేరవలసిన చోటికి చేరలేదు.

మన నాగార్జునసాగరం తీసుకోండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీరు వదిలారు. రాతి కట్టడం కావడంచేత వేలాది చేతులు కావలసివచ్చాయి. అటువంటి పనుల్లో ఇంజనీరు గీసిన గీత మేస్త్రీ నోటిమీదుగానే కూలీకి చేరుతుంది. నేడు నగరంలో బీహారు, ఒడిశా కూలీలు పనిచేస్తున్నారు. మేనేజరు తెలుగులో చెబితే మేస్త్రీ హిందీలో అందుకుంటాడు, కూలీ ఒడియాలో అర్థం చేసుకోవాలి. ఇక్కడ ఓర్పు లేనివాడు ఎంత చదివినా ఏం లాభం?

కట్టడ కార్మికుల భద్రతకు 1996లో చట్టం వచ్చింది. చట్టం తలకు టోపీ పెట్టించగలదు. "ఈ పరంజా కదులుతున్నది సారూ" అనే ధైర్యం ఇవ్వవలసినవాడు మేనేజరే.

మెత్తని మాట అంటే పని వదిలేయడమని కొందరి అపోహ. కొలత తప్పితే మంచి మేనేజరూ ఒప్పుకోడు. అయితే చాటుకు పిలిచి మందలిస్తాడు, నలుగురిలో మెచ్చుకుంటాడు. ఎందుకు చేయాలో కూడా చెబుతాడు. కూలి డబ్బు అన్న రోజున ఇస్తాడు. అటువంటివాడి దగ్గరకు మంచి మేస్త్రీ మళ్లీ వస్తాడు. పనితనం తెలిసిన చేతులు నిలిచిన కంపెనీ గడువుకు ఇల్లు అప్పగిస్తుంది, పేరూ నిలుపుకుంటుంది.

కాబట్టి ఇల్లు కొనబోయేవారికి నాదొక సలహా. రంగుల బొమ్మలు చూడడంతో ఆగకండి. పని జరుగుతున్న చోటికి వెళ్లి, మేనేజరు ఎదుటనే మేస్త్రీని అడగండి: "ఇందులో నీకు నచ్చనిదేమిటి?" అతడు వెంటనే జవాబు చెబితే నిశ్చింతగా బేరం మొదలుపెట్టండి. ముందు మేనేజరు ముఖంకేసి చూశాడా, మరో ఇల్లు వెతుక్కోండి.