పూటకూళ్లవాడి నైట్ డ్యూటీ

ఉదయం ఆరు కాకముందే హనుమాన్ జంక్షన్ నిద్ర లేస్తుంది. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు కదా, అసలు నిద్రపోతుందా అన్నదే అనుమానం. వేసవి వస్తే నూజివీడు తోటల నుంచి రసాలు, బంగినపల్లి కాయలు మోసే లారీలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. (2001లో ఒక సినిమాకు ఈ ఊరి పేరే పెట్టారు కాబట్టి ఇటు ఎన్నడూ రానివాళ్లకు కూడా పేరు తెలుసు.) ఆ వేళప్పుడు బస్సు కోసం నిలబడ్డవారిలో చేతిలో టిఫిన్ క్యారేజీ, భుజాన బ్యాగు, బ్యాగులో మడిచిన యూనిఫాం ఉన్న ఆడపిల్లలు కనిపిస్తారు. ఆసుపత్రుల్లో ఉదయం షిఫ్టుకు వెళ్లేవారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి వచ్చిన బస్సులోంచి రాత్రి డ్యూటీ ముగించుకున్నవాళ్లు కళ్లు నులుముకుంటూ దిగుతారు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, వార్డు బాయ్‌లు, బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేవాళ్లు. వీరిలో కొందరు ఆదివారం ఆరాధనలో మన పక్కన కూర్చోవలసినవాళ్లు. 'కూర్చోవలసిన' అని ఎందుకు అన్నానో తర్వాత చెబుతాను.

మంచి సమరయుని ఉపమానం మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. యాజకుడు పక్కగా వెళ్లిపోయాడు, లేవీయుడూ వెళ్లిపోయాడు, సమరయుడు ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. సాధారణంగా ప్రసంగం అక్కడితో ముగుస్తుంది. కానీ లూకా 10వ అధ్యాయంలో ఆ కథ ఇంకా కొంత నడుస్తుంది. సమరయుడు ఆ గాయపడినవాణ్ణి ఒక పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాడికిచ్చి, ఇతణ్ణి చూసుకో, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్లాడు. అంటే ఆ మర్నాటి నుంచి కట్లు మార్చింది, అన్నం తినిపించింది, నడిరాత్రి మూలుగు వినపడితే లేచి దీపం పట్టుకొచ్చింది పూటకూళ్లవాడు. అతనికి పేరు లేదు. అతని మీద ప్రసంగమూ లేదు. ఆసుపత్రిలో పనిచేయడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఈ ఉపమానాన్ని అతని వైపు నుంచి చదవాలి.

జంక్షన్ మీదుగా పోయే జాతీయ రహదారి మన యెరికో దారి అనుకోండి. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఆగి సాయం చేసిన మనిషిని పోలీసు కేసుల్లో ఇరికించకుండా 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు బలం చేకూర్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. ఆ సెక్షన్‌లో సాయం చేసినవాడికి పెట్టిన పేరే 'గుడ్ సమరిటన్'. సువార్తలోని మనిషి మన చట్టంలోకి వచ్చాడన్నమాట. సంతోషించవలసిన సంగతే. అయితే ఆ క్షతగాత్రుణ్ణి క్యాజువాల్టీలో దింపి సమరయుడు వెళ్లిపోయాక ఏమవుతుంది?

రక్తంతో తడిసిన బట్టలు కత్తిరించేది నర్సు. సెలైన్ పెట్టడానికి నరం దొరక్కపోతే వెతికేది ఆమె. కింద పడ్డ రక్తాన్ని తుడిచేది ఆయా. స్కానింగుకు స్ట్రెచర్ తోసుకెళ్లేది వార్డు బాయ్. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో పగలు ఆరారు గంటల చొప్పున రెండు షిఫ్టులు, రాత్రికి పన్నెండు గంటల షిఫ్టు ఒకటి నడుస్తాయి. డ్యూటీకి రాగానే ముందు మంచం మంచం తిరిగి అప్పగింతలు తీసుకోవాలి. ఎవరికి ఏ ఇంజక్షన్ ఎన్నింటికి, ఎవరికి నీళ్లు కూడా పోయకూడదు, ఎవరికి ఎంత మూత్రం వచ్చింది, ఏ పేషెంటు పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈ చివరిది కేస్ షీటులో ఉండదు, నోటితో చెప్పుకోవాలి. మంచి నర్సు అది మరిచిపోదు.

డాక్టరు గారు రౌండ్లకు వచ్చి మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలు. మిగతా రోజంతా రోగి చూసే ముఖం సిస్టర్‌ది. కాబట్టి అతని భయం, అతనివాళ్ల కోపం కూడా ఆమె మీదికే వస్తాయి. బిల్లు ఆమె వేయదు, అయినా బిల్లు చూసి అరిచేది ఆమె మీద. రాత్రి రెండింటికి ప్రాణం పోతే డాక్టరు వచ్చేలోగా ఆ కుటుంబం ముందు నిలబడేది ఆమె. ఆసుపత్రి సిబ్బందిపై దాడులు చేస్తే జైలు శిక్ష పడేలా మన రాష్ట్రం 2008లోనే చట్టం తెచ్చింది. అలాంటి చట్టం అవసరమైందంటేనే వార్డుల్లో ఏం జరుగుతోందో ఊహించవచ్చు. 2020, 2021 కోవిడ్ రోజుల్లో పూలు చల్లినవాళ్లున్నారు, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లూ ఉన్నారు.

ఈ పనిలోకి మన బిడ్డలు ఇంతమంది ఎలా వచ్చారు? గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ వచ్చినప్పుడు ఆడవాళ్లను చూసే వైద్యురాలు అరుదు. ఆమె నడిపిన స్త్రీల, పిల్లల ఆసుపత్రి 1898లో తెరిచారు. ఆమె 1930లో కన్నుమూసింది. ఆసుపత్రి నేటికీ ఆమె పేరుతోనే ఉంది. రోగుల వెంట వచ్చే బంధువుల కోసం ఏలూరు రాజావారు అక్కడ సత్రం కట్టించారు. పూటకూళ్ల ఇల్లు మళ్లీ వచ్చింది చూడండి. మనకు మరింత దగ్గరగా, నూజివీడులో సెవెంత్‌డే అడ్వెంటిస్టులు 1925లో గిఫర్డ్ ఆసుపత్రిని స్థాపించారు. ఈ ప్రాంతంవారు దాన్ని 'అమెరికన్ ఆసుపత్రి' అంటారు. ఆ సంఘం 1866లో అమెరికాలోని బాటిల్ క్రీక్‌లో మొదలుపెట్టిన ఆరోగ్య పరిచర్య తర్వాత ఎన్నో దేశాల్లో ఆసుపత్రుల వ్యవస్థగా పెరిగింది. (మనం పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ కూడా ఆ బాటిల్ క్రీక్ ఆసుపత్రి వంటింట్లో పుట్టినవే.)

ఇలాంటి ఆసుపత్రులు పక్కనే నర్సింగ్ స్కూళ్లు పెట్టాయి. ఇతరుల రక్తాన్ని, మలమూత్రాలను ముట్టుకోవడం మైల అనుకునే రోజులవి. పెద్ద కులాలవారు ఆడపిల్లలను ఆ పనికి పంపేవారు కాదు. క్రైస్తవ కుటుంబాలు పంపాయి. వాటిలో చాలావరకు ఊరి బయట పేటల్లో బతికిన కుటుంబాలు. స్వాతంత్ర్యం నాటికి దేశంలోని నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే. ఎవరి నీడ సోకితే మైల అన్నారో, వాళ్ల చేయి పడితేనే జ్వరం తగ్గుతుందని అందరూ ఒప్పుకోవలసి వచ్చింది. మన సంఘ చరిత్రలో ఇంతకన్నా గొప్ప సాక్ష్యం నాకు కనిపించదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. విదేశీ మిషనరీలు వెళ్లిపోయారు, నిధులు తగ్గాయి. పట్టణాల్లో నర్సింగ్ హోములు, తర్వాత కార్పొరేట్ ఆసుపత్రులు వెలిశాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదవాడు కూడా పెద్ద ఆసుపత్రి మెట్లెక్కగలిగాడు. మిషన్ ఆసుపత్రుల్లో కొన్ని నిలబడ్డాయి, కొన్నింటి ఆవరణలో చెట్లే మిగిలాయి. మన పిల్లలు బస్సెక్కి కార్పొరేట్ ఆసుపత్రులకు, విమానమెక్కి గల్ఫ్‌కు వెళ్తున్నారు. వెళ్లినందుకు వాళ్లను తప్పుపట్టేవారున్నారు. సేవాభావం పోయిందంటారు.

ఈ 'సేవ' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఇది పవిత్రమైన మాట. కానీ జీతాల పట్టిక దగ్గరకొచ్చేసరికి అదే మాట చాలాచోట్ల అడ్డుగోడ అవుతుంది. జీతం పెంచమంటే, నువ్వు చేసేది ఉద్యోగం కాదమ్మా, సేవ అంటారు. నెల జీతం రెండు నెలలు ఆలస్యమైతే ప్రార్థన చేయమంటారు. మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉన్నాయని గుర్తుచేసే యాజమాన్యాలున్నాయి. వాటిలో క్రైస్తవ పేరు పెట్టుకున్నవీ ఉన్నాయి.

లూకా 10వ అధ్యాయాన్నే మళ్లీ తీయండి. సమరయుని కథకు ముందు, ఏడవ వచనంలో, పనివాడు తన జీతానికి అర్హుడని ప్రభువే అన్నాడు. అదే అధ్యాయంలో తర్వాత పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ముట్టాయి. దేనారం అంటే ఒక రోజు కూలి అని మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ చెబుతుంది. సమరయుడు అతణ్ణి ఉచితంగా చూడమనలేదు. నువ్వూ నాలాగే త్యాగం చేయి అనలేదు. ముందే కూలి ఇచ్చాడు, మిగతాది తన బాకీ అన్నాడు. కూలి తీసుకున్నందుకు అతని పరిచర్య విలువ తగ్గిందని యేసు చెప్పలేదు. లేవీయకాండము 19:13 కూలివాని కూలి తెల్లవారే వరకు నీ దగ్గర ఉండకూడదంటుంది. యాకోబు 5:4 బిగబట్టిన కూలి మొరపెడుతుందని హెచ్చరిస్తుంది.

గుడ్ సమరిటన్‌కు రక్షణ దొరికిన ఆ 2016లోనే, రెండు నెలల ముందు జనవరిలో, నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాలపై ఒక కమిటీ వేయమంది. ఆ కమిటీ సిఫార్సులు వచ్చాయి. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం ఇవ్వాలి. 100 దాటితే దానికి పది శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలుంటే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపయితే నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఉండకూడదు. సెలవులు, పనిగంటలు, వైద్యం, రవాణా కూడా ప్రభుత్వ ఉద్యోగుల మాదిరే ఉండాలన్నారు. సిఫార్సులు రాష్ట్రాలకు వెళ్లాయి. సమరయునిది చట్టంలో సెక్షన్ అయింది, పూటకూళ్లవాడిది సిఫార్సు దగ్గరే ఆగింది.

ఇక ఆదివారం సంగతి. నైట్ డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి తొమ్మిదవుతుంది. పదింటికి ఆరాధన. వచ్చి కూర్చుంటే ప్రసంగంలో తల వాలిపోతుంది, వెనక వరుసలో గుసగుసలు. రాకపోతే, మీ అమ్మాయి ఈ మధ్య కనిపించడం లేదేంటని తల్లిని అడుగుతారు. నాలుగు వారాలు వరసగా ఆదివారం డ్యూటీ పడిన పిల్ల ఐదోవారం గుడిలోకి సిగ్గుపడుతూ వస్తుంది. దేవాలయంలో యాజకులు విశ్రాంతి దినాన పనిచేసినా నిర్దోషులేనని మత్తయి 12:5లో ప్రభువు గుర్తుచేశాడు. ఊచచేయి గలవాణ్ణి ఆయన బాగుచేసింది విశ్రాంతి దినానే. అడ్వెంటిస్టులు శనివారాన్ని ఎంత కట్టుదిట్టంగా ఆచరిస్తారో తెలిసిందే, వాళ్ల ఆసుపత్రుల్లో కూడా అత్యవసర వైద్యం ఆ రోజు ఆగదు. మనం ఆదివారాన్ని అంతకన్నా కఠినం చేయనక్కరలేదు.

ఈ విషయంలో సంఘం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. నెలలో ఒక వారం సాయంత్రం ఆరాధన పెట్టవచ్చు. కాపరి సంస్కారాన్ని నర్సుల హాస్టలుకు తీసుకెళ్లవచ్చు. వార్డులో రోగి కోసం ప్రార్థించడానికి వెళ్లినప్పుడు అక్కడ నిలబడ్డ సిస్టర్ పేరు అడిగి, ఆమె కోసం కూడా రెండు మాటలు ప్రార్థించవచ్చు. కష్టమైన పని మరొకటుంది. మిషన్ ఆసుపత్రుల పాలక కమిటీల్లో కూర్చునేది మన పెద్దలే, మనం ఓటేసి పంపినవాళ్లే. కమిటీ ఎన్నికలప్పుడు ఆస్తుల గురించి, పదవుల గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం. మన ఆసుపత్రిలో పడకలెన్ని, నర్సుకు నెలకు ఎంత ఇస్తున్నాం, పోయిన నెల జీతం ఏ తేదీన ఇచ్చాం అని ఈసారి ఎవరైనా లేచి అడిగితే, జవాబు కోసం రిజిస్టరు తెప్పించవలసి వస్తుంది.