ఈతకొలనులో ఎర్రలు

అరకులోయలో రాత్రంతయు వాన కురిసి వెలిసిన ఒక ఉదయమున, మేము బసచేసిన విడిదియింటి పెరటికి పోయి చూచితిమి. ఈతకొలను అడుగున ఎర్రలు, అనగా వానపాములు, దారపు ముక్కలవలె పడియున్నవి. అంచున రెండు రోకలిబండలు చుట్టచుట్టుకొని యున్నవి. తోటమాలి పురుగులమందు డబ్బా తెచ్చి గట్టుచుట్టును చల్లబోవుచుండగా మేము వారించితిమి. ఎందుకు వారించితిమో శ్రోతలకు మనవి చేయుదుము.

వానపాము ఈతకు వచ్చునది కాదు. అది చర్మముతో ఊపిరి పీల్చును. చర్మము తడిగా నున్నంతవరకే బ్రతుకును. వానరాత్రి నేల యంతయు తడియగుటచే పైకి వచ్చి దూరము పోగలుగును. నున్నని గచ్చుమీదికి చేరెనా, దానికి మరల మన్ను దొరకదు. అంచు దాటి నీట పడును. క్లోరిను కలిపిన నీటిలో ఎంతోసేపు బ్రతుకదు. కనుక దోషము పురుగుది కాదు, గట్టుది.

కొలను అంచు నేలకంటె జానెడైనను ఎత్తుగా ఉండవలెను. గచ్చు బయటివైపునకు వాలవలెను. గచ్చునకు పచ్చికకు నడుమ రెండడుగుల వెడల్పున గులకరాళ్లు పరచుట మేలు. రోకలిబండలు కుళ్లిన ఆకులు తిని బ్రతుకును. ఆకుచెత్తను, పూలకుండీలను దూరముగా జరిపినచో అవి చాలవరకు తామే తొలగిపోవును. రాత్రి దీపమును నీటికి దూరమున పెట్టుట మంచిది. దీపమునకు పురుగులు, పురుగులకు కప్పలు వచ్చును.

ఒక్కొక్కప్పుడు నీటిలో జానెడు పొడవున వెంట్రుకవంటి పురుగు మెలికలు తిరుగుచు కనబడును. ఇది కీచురాళ్లు, మిడుతల కడుపులో పెరిగి, ఆ కీటకము నీట పడగానే వెలికి వచ్చును. మనుష్యుల కేమియు చేయదు. వలతో తీసి పారవేసిన చాలును.

భయపడవలసిన పురుగు వేరొకటి యుండెను. కురుపుగలవాడు దిగుడుబావి మెట్లు దిగి నీట కాలు పెట్టగా నారిపురుగు తన పిల్లలను నీటిలో విడుచును. ఆ నీరు త్రాగినవారికి ఏడాది నాటికి కాలినుండి రెండు మూరల పురుగు బయటపడును. తెలుగునాటను ఈ నారికురుపు ఉండెడిది. దానికి టీకా లేదు, నయముచేయు మందును లేదు. దిగుడుబావులను చేదబావులుగా మార్చి గట్టు కట్టుట, నీటిని గుడ్డతో వడగట్టుట మొదలైన పనులతోనే అది పోయినది. 1996 తరువాత భారతదేశమున ఎవరికిని రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువపరచినది. అచ్చటను గెలిచినది గట్టే.

ఇక పురుగులమందు సంగతి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న కొండనేల. పైన చల్లినది వానకు కరగి క్రిందికి పోవును. ఆ క్రింద గిరిజనుల పల్లెలు కలవు. వారిలో ఎందరో ఊటనీరే త్రాగుదురు. మన పెరటిలో నాలుగు ఎర్రలు చచ్చుటకు వారి కడవలో విషము పడరాదు. కొలను ఖాళీచేయునపుడును ఇంతే. క్లోరిను కలుపుట మాని, నీటిని కొన్ని దినములు ఎండకు వదలి, పిమ్మట నేలలో ఇంకునట్లు మెల్లగా పారించవలెను. గెడ్డలోనికి మాత్రము వదలరాదు.

తోటమాలి డబ్బా లోపల పెట్టి, పార తీసికొని వచ్చెను.