మాట నుంచి నమోదుకు: వెబ్‌సైటు సంభాషణ సహాయకం, వినియోగదారు సంబంధాల సాఫ్ట్‌వేర్ అనుసంధానం – కొల్లేటి ప్రాంత తెలుగు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యాపార వెబ్‌సైటులోని సంభాషణ సహాయకాన్ని వినియోగదారు సంబంధాల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానించడం సాధారణంగా సాంకేతిక విషయంగానే చర్చకు వస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల ప్రజలు వాడే తెలుగును ఆధారంగా తీసుకొని చూస్తే, మనిషి మాటను గడులలోకి మార్చే ప్రక్రియే ఇందులో కీలకమని తెలుస్తుంది. పేరు, ఊరు, కొలత, అత్యవసరం, సమ్మతి ఆ మార్పిడిలో ఏ విధంగా దెబ్బతింటాయో, వాటిని నిలుపుకోవడానికి అనుసంధాన నిర్మాణంలో ఏమి చేయవలసి ఉంటుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సంభాషణ సహాయకం, సీఆర్ఎం, లీడ్ నమోదు, యూనికోడ్, తెలుగు పేర్లు, కొల్లేరు, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించింది. తొలి విడతలో 161 సేవలను ప్రకటించారు. కార్యాలయపు కిటికీ దగ్గర నిలబడి చెప్పే మాటను ఫోనులో టైపు చేస్తే అది ప్రభుత్వ దస్త్రంలోకి చేరుతుందన్న భావన దీనితో సామాన్యునికి పరిచయమైంది. ప్రైవేటు వ్యాపారాలలో ఇదే పని మరో రూపంలో జరుగుతున్నది. వెబ్‌సైటు తెరవగానే కుడివైపు కింది మూలన కనిపించే చిన్న సంభాషణ గడి వచ్చినవారిని పలకరిస్తుంది, వివరాలు అడుగుతుంది, ఆ వివరాలను అమ్మకాల విభాగం వాడే సాఫ్ట్‌వేర్‌కు చేరవేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను వ్యాపార వ్యవహారంలో సీఆర్ఎం అంటారు. కొనుగోలు చేసే అవకాశం ఉన్న వ్యక్తి గురించిన తొలి నమోదు ‘లీడ్’.

చర్చ సౌలభ్యం కోసం ఏలూరులో ఏరేటర్లు, చేపల మేత అమ్మే ఒక సంస్థను ఊహిద్దాం. దానికి ఒక వెబ్‌సైటు, ఒక సంభాషణ సహాయకం, ఒక సీఆర్ఎం ఉన్నాయి. మిగిలిన ఊళ్లూ, మాటలూ, కొలతలూ ఈ ప్రాంతంలో నిజంగా ఉన్నవే.

2. అనుసంధానం జరిగే తీరు

రైతు టైపు చేసిన మాట ముందుగా సహాయకం నడిచే సర్వరుకు వెళుతుంది. అక్కడ దాని నుంచి పేరు, ఫోను నంబరు, ఊరు, అవసరం వంటి వివరాలను విడదీస్తారు. తర్వాత ‘వెబ్‌హుక్’ పని మొదలవుతుంది. ఒక వ్యవస్థలో ఏదైనా జరిగిన వెంటనే, ఎవరూ అడగకుండానే, మరొక వ్యవస్థకు కబురు పంపే ఏర్పాటు ఇది. సీఆర్ఎం వైపు ఆ కబురును అందుకొనే ద్వారాన్ని ఏపీఐ అంటారు. పంపినది తన వారేనని అది ఒక రహస్య సంకేతం ద్వారా ధ్రువీకరించుకొని, ఆ వ్యక్తి పేరిట పాత నమోదు ఉంటే సవరిస్తుంది, లేకుంటే కొత్తది సృష్టిస్తుంది.

కబురు చేరి, అందినట్లు జవాబు మాత్రం దారిలో పోతే, పంపిన వ్యవస్థ మళ్లీ పంపుతుంది. అప్పుడు ఒకే రైతుకు రెండు నమోదులు పుడతాయి, ఇద్దరు ఉద్యోగులు అతనికి ఫోను చేస్తారు. ప్రతి సంభాషణకు ఒక విడి గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యతో వచ్చిన రెండో కబురును సీఆర్ఎం విస్మరించేటట్లు చేయడం దీనికి పరిష్కారం. సీఆర్ఎం పనిచేయని సమయంలో వచ్చిన కబుర్లను వరుసలో నిలిపి ఉంచాలి. ఇంతవరకు ఏ దేశంలోనైనా ఒకటే. తెలుగువాడి పేరు దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం మారుతుంది.

3. పేరు, ఊరు

సేల్స్‌ఫోర్స్‌లో లీడ్ నమోదుకు ‘చివరి పేరు’, ‘సంస్థ పేరు’ తప్పనిసరి గడులు. కుటుంబనామం చివర వస్తుందనీ, కొనేవాడు ఏదో ఒక సంస్థ తరఫున వస్తాడనీ రెండు ఊహలు ఆ గడులలో ఉన్నాయి. తెలుగునాట ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా తరచుగా పొడి అక్షరంగా. ‘పి. సత్యనారాయణ’ అన్న పేరును ఖాళీ ఆధారంగా విడగొడితే ‘పి’ మొదటి పేరు, ‘సత్యనారాయణ’ కుటుంబనామం అవుతాయి. మరునాడు వెళ్లే సందేశం ‘ప్రియమైన పి గారికి’ అని మొదలవుతుంది. ఇక పదెకరాల చెరువు కౌలుకు చేసే రైతుకు సంస్థ ఎక్కడిది? గడి ఖాళీగా ఉంటే నమోదు తిరస్కారానికి గురవుతుంది కాబట్టి అనుసంధానం చేసేవారు అక్కడ ఏదో ఒక మాట నింపుతారు. ఆ నింపుడు మాటే నివేదికలో వందలమంది పనిచేసే సంస్థగా దర్శనమిస్తుంది. రైతు చెప్పిన పేరును యథాతథంగా ఒక ప్రత్యేక గడిలో భద్రపరచి, సందేశాలలో దానినే వాడడం సులభమూ సమంజసమూ. పేరును విడగొట్టవలసిన అవసరం వ్యాపారానికి దాదాపు లేదు.

ఊరి పేరు ఇంకా జటిలం. ఈ ప్రాంతంలో ‘గూడెం’ అంటే తాడేపల్లిగూడెమే. బస్సు ఎక్కేవాడూ, ఉల్లి మార్కెట్టుకు సరుకు తోలేవాడూ అలాగే అంటారు. కానీ ఏలూరు జిల్లాలో జంగారెడ్డిగూడెం ఉంది, తెలంగాణలో కొత్తగూడెం ఉంది, తాడేపల్లిగూడేనికి చేరువలోనే ఉద్యాన విశ్వవిద్యాలయం నెలకొన్న వెంకటరామన్నగూడెం ఉంది. మరోవైపు, పేరులోని మొదటి అక్షరాలతో పోల్చి ఊరిని నిర్ణయించే పద్ధతి తాడేపల్లిగూడెం రైతును గుంటూరు జిల్లా తాడేపల్లికి పంపివేయగలదు.

జిల్లా గడి ద్వారా ఈ సందిగ్ధత తీరుతుందనుకోవడం కూడా పొరపాటే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు పశ్చిమ గోదావరికి కేంద్రంగా ఉన్న ఏలూరు తన పేరిట ఒక జిల్లాకు కేంద్రమైంది, పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరానికి మారింది, కృష్ణా జిల్లాలోని కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. పిన్‌కోడులు మాత్రం మారలేదు. ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101. ఈ రెండూ ఇప్పుడు వేర్వేరు జిల్లాలు. కైకలూరు 521333, అంటే నేటికీ కృష్ణా జిల్లా వరుసలోనే. పాత జాబితాతో నడిచే సీఆర్ఎం కైకలూరు లీడ్‌ను మచిలీపట్నం ప్రతినిధికి అప్పగిస్తే యంత్రాన్ని నిందించలేము. సహాయకం ‘ఏ ఊరండీ? ఏ మండలం?’ అని అడిగితే చాలు. గోదావరి జిల్లాల్లో కొత్తవారిని ఎవరైనా మొదట అడిగేది ఊరే. ఈ-మెయిల్ చిరునామాతో పరిచయం మొదలుపెట్టడం ఇక్కడి మర్యాద కాదు.

కైకలూరు ప్రస్తావన వచ్చింది కాబట్టి లిపికి సంబంధించిన ఒక సంగతి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వపు గుర్తు తర్వాత కింది ఐత్వపు గుర్తును చేర్చి. తెరపై రెండు ‘కైకలూరు’లూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు ఊళ్లు. యూనికోడ్ ప్రమాణంలోనే ఉన్న సాధారణీకరణ ప్రక్రియను సీఆర్ఎంలోకి పంపే ముందు అమలుచేస్తే ఇది పూర్తిగా తొలగుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు తీసుకుంటుంది. ‘ఏలూరు’ అన్న చిన్న మాటకు 15 బైట్లు కావాలి. 255 బైట్ల పరిమితి ఉన్న గడిలో ఇంగ్లిషు వాక్యాలు రెండు మూడు పడితే, తెలుగు సంకేతాలు 85 మాత్రమే పడతాయి. రైతు చెప్పిన ఇబ్బందిలో సగం అక్కడే తెగిపోతుంది.

4. తెల్లవారుజామున నాలుగున్నర

ఈ ప్రాంతపు అనుసంధానానికి అసలు పరీక్ష తెల్లవారుజామున ఎదురవుతుంది. రాత్రివేళ సూర్యరశ్మి లేనందున చెరువులోని నాచు ప్రాణవాయువును విడుదల చేయదు. చేపలూ, నాచూ, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటూనే ఉంటాయి. తెల్లవారే ముందు అది కనిష్ఠానికి చేరుతుంది. అప్పుడు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ‘చేప తేలుతోంది’ అని ఆ వేళ రైతు టైపు చేశాడంటే, ఏరేటరు ఆగిపోయిందో, చాలడం లేదో అయి ఉండాలి. కొద్ది గంటలు ఆలస్యమైతే నెలల తరబడి పెట్టిన మేత ఖర్చంతా నీటిపాలు.

లీడ్ నమోదు కోసమే రూపొందించిన సహాయకం ఆ క్షణంలో ఏమి చేస్తుంది? పేరు అడుగుతుంది, నంబరు అడుగుతుంది, ఎన్ని ఎకరాలో అడుగుతుంది, ‘మా ప్రతినిధి త్వరలో సంప్రదిస్తారు’ అంటుంది. నమోదు నిర్దుష్టంగా సీఆర్ఎంలో చేరుతుంది. ప్రతినిధి పది గంటలకు చూస్తాడు. సాంకేతికంగా ఎక్కడా లోపం లేదు, చెరువు మాత్రం పోయింది. ఆ సమయాన్ని సీఆర్ఎం ఎలా దాచుకుంటుందన్నది మరో విడ్డూరం. సర్వర్లు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని వాడతాయి, అది మన కాలానికి అయిదున్నర గంటలు వెనుక. 4.30కు వచ్చిన మొర ముందురోజు రాత్రి 11 గంటల తేదీతో నమోదవుతుంది. కాలమండలాన్ని సరిచేయకుండా తీసిన నివేదికలో ఇది ‘నిన్నటి లీడ్’.

కాబట్టి వివరాల సేకరణకు ముందే ఉద్దేశాన్ని గుర్తించే దశ ఒకటి ఉండాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘తేలుతోంది’, ‘తెల్లమచ్చ వచ్చింది’, ‘కరెంటు పోయింది’ వంటి మాటలు కనిపిస్తే సహాయకం ప్రశ్నలు ఆపి, మెలకువగా ఉన్న మనిషి ఫోనుకు నేరుగా మోగే ఏర్పాటు చేయాలి. ఆ మనిషి లేకపోతే లేడని వెంటనే చెప్పాలి. అప్పుడు రైతు పక్క చెరువు వారిని లేపుకుంటాడు. నమోదు తర్వాత జరగవచ్చు.

ఇటువంటి మాటలను గుర్తించడానికి సహాయకానికి ఇక్కడి తెలుగు రావాలి. కొల్లేటి ప్రాంతంలో ‘చెరువు’ అంటే చాలామటుకు చేపలదో రొయ్యలదో అయిన చెరువు. సాధారణ అనువాద పరికరం దానిని సాగునీటి చెరువుగానో సరస్సుగానో అర్థం చేసుకుంటుంది. రొయ్యల రైతు ‘ముప్పై కౌంటు’ అంటే కిలోకు ముప్పై తూగే రొయ్య అని అర్థం, ముప్పై రొయ్యలున్నాయని కాదు. ‘నాలుగైదెకరాలు’ అన్నప్పుడు అతను ఉజ్జాయింపుగా చెబుతున్నాడు. భాషా నమూనాలతో నడిచే సహాయకాలకు ఖాళీ గడిని చూస్తే నింపాలన్న ఉబలాటం ఎక్కువ; రైతు చెప్పని అంకెను కూడా చెప్పినట్లు రాయగలవు. చెప్పనిది ఖాళీగానే పోవాలని నియమం పెట్టి, ప్రతి గడి పక్కన దానికి ఆధారమైన రైతు వాక్యాన్ని కూడా సీఆర్ఎంకు పంపితే, ప్రతినిధి చదివి సరిచూసుకొనే వీలుంటుంది. ఇక్కడ ఒకే ఫోను నంబరును తండ్రీ కొడుకులు వాడడమూ మామూలే. నంబరు ఒక్కటే ఆధారంగా నమోదులను కలిపివేస్తే తండ్రి చేపల చెరువూ కొడుకు రొయ్యల చెరువూ ఒకటైపోతాయి. నంబరుతో పాటు పేరును కూడా సరిపోల్చాలి.

5. అడగకూడనివి, తుడిచివేయవలసినవి

చెరువు ఎక్కడుందన్న ప్రశ్న కొల్లేటిలో అమాయకమైనది కాదు. 1999లో అయిదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలుదారు పేరు ఒకచోట చేరితే, ఆ నమోదు ఏరేటరు అమ్మకానికి మించిన వివాదాలలో సాక్ష్యం కాగలదు. సరస్సు పరిరక్షణ ఎంత అవసరమో ఇక్కడ చర్చనీయాంశం కాదు. మేత ధర అడగడానికి వచ్చిన మనిషి చేత అతనికి తెలియకుండా వాంగ్మూలం ఇప్పించడం మాత్రం న్యాయం కాదు. ధర చెప్పడానికి ఊరు చాలు.

డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం, 2023 ఇదే సూత్రాన్ని చెబుతుంది. సమ్మతి పేర్కొన్న ప్రయోజనానికి అవసరమైన వివరాలకే వర్తిస్తుంది. సమ్మతి కోరే అభ్యర్థనను ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు ఉండాలి. అందులో తెలుగు ఉంది. ఈ చట్టపు నియమావళి 2025 నవంబరులో వెలువడింది, బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. అధ్యాపకులకు మరింత దగ్గరి విషయం తొమ్మిదో సెక్షన్. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి. కళాశాల వెబ్‌సైటులో ప్రవేశాల గురించి అడిగే ఇంటర్మీడియట్ విద్యార్థికి సాధారణంగా పదహారో పదిహేడో ఏళ్లు ఉంటాయి. ప్రవేశాల కాలంలో నడిచే సహాయకాలు అతని నంబరును నేరుగా సీఆర్ఎంకు పంపేటట్లు ఉంటే, ఆ మార్గానికి ముందు వయసు ప్రశ్న ఒకటి అవసరమవుతుంది.

సమ్మతి ఇచ్చినంత సులభంగానే దానిని వెనక్కి తీసుకొనే అవకాశం ఉండాలని కూడా చట్టం అంటుంది. సంభాషణ గడిలో ఇచ్చిన సమ్మతిని అదే గడిలో వెనక్కి తీసుకోగలగాలి. కానీ వెబ్‌హుక్ సంభాషణ నుంచి సీఆర్ఎం వైపు మాత్రమే నడిచేటట్లు కడితే, ‘నా నంబరు తీసేయండి’ అన్న మాటను సహాయకం మరో కొత్త లీడ్‌గా నమోదు చేసే ప్రమాదం ఉంది. ఆ మాటకు వేరే దారి కావాలి. సీఆర్ఎంలోని నమోదును, సహాయకపు సర్వరులోని సంభాషణ ప్రతిని, ప్రతినిధులకు వారం వారం పంపే పట్టికలోని వరుసను అది వెతికి తొలగించాలి. ప్రతినిధి తన సొంత ఫోనులో దాచుకున్న నంబరును ఏ ఏపీఐ తుడవలేదు కాబట్టి, ఆ పని అతనికి ఒక విధిగా సీఆర్ఎంలోనే అప్పగించి, పూర్తయిందని అతని చేత గుర్తు పెట్టించాలి.