యాంటీఆక్సిడెంట్లు - దీర్ఘాయువు

వార్ధక్యమును జయింపవలెనను కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. నేడు ఆ కోరికను ఆసరాగా గొని, ఆయువును పెంచునను ప్రకటనలతో పలువిధములైన యాంటీఆక్సిడెంట్ మాత్రలును, రసములును విక్రయింపబడుచున్నవి. ఇందు నిజమెంతయో ప్రతి గృహస్థుడును తెలిసికొనుట అవసరము.

యాంటీఆక్సిడెంట్లనగా నేమి?

మనము పీల్చు ప్రాణవాయువు సాయముతోనే శరీరకణములు ఆహారమునుండి శక్తిని పొందుచున్నవి. ఈ క్రియలో ఫ్రీ రాడికల్స్ అను చురుకైన పదార్థములు కొన్ని పుట్టును. కోసిన అరటికాయ గాలి తగిలి నల్లబడునట్లు, ఇవి మితిమీరినచో కణములు చెడును. పొగత్రాగుటచే ఇవి మరింత అధికమగును. ఈ హానిని అరికట్టు పదార్థములే యాంటీఆక్సిడెంట్లు. కొన్నింటిని శరీరమే తయారుచేసికొనును. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మొదలగునవి ఆహారమువలన లభించును.

పరీక్షలు తెలిపిన సత్యము

ఫ్రీ రాడికల్స్ వలన కలుగు హానియే వార్ధక్యమునకు కారణమని 1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించెను. అట్లయినచో యాంటీఆక్సిడెంట్లను అధికముగా సేవించిన ఆయువు పెరుగునని పలువురు తలంచిరి. కాని పరీక్షల ఫలితము వేరుగా నుండెను.

ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షాఫలితములు 1994లో వెలువడినవి. బీటా కెరోటిన్ మాత్రలు సేవించినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా 18 శాతము హెచ్చినది. అమెరికాలో ఇట్టిదే మరియొక పరీక్షను, హాని కనబడుటచే, 1996లో మధ్యనే నిలిపివేసిరి. 2012లో 78 పరీక్షలను సమీక్షింపగా, ఈ మాత్రలు ఆయువును పెంచునను ఆధారము లభింపలేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ సేవించినవారిలో మరణములు కొంత అధికముగానే కనబడినవి.

ఫ్రీ రాడికల్స్ కేవలము శత్రువులు కావు. రోగక్రిములను చంపుటకు తెల్లరక్తకణములు వీనిని ఉపయోగించుకొనును. కావున వీనిని పూర్తిగా అణచివేయుట మేలు కాదు.

ద్వీపవాసులకు

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి అండమానులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము గలవు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని వ్యవహరింపబడిన శ్రీ విజయపురములో, డాలీగంజ్ నందు, భారత వైద్య పరిశోధన మండలివారి ప్రాంతీయ కేంద్రము ఉన్నది. ఔషధగుణమును నిర్ణయింపవలసినది ఇట్టి సంస్థలు జరుపు పరిశోధనయే గాని, సీసాపై అంటించిన ప్రకటన కాదు.

ఈ ద్వీపతీరములందు పెరుగు నోని పండు విషయమును ఇట్లే గ్రహింపవలెను. దానిలో యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట నిజమే. కాని దాని రసము మనుష్యుల ఆయువును పెంచునని రుజువు కాలేదు. అందు పొటాషియము అధికముగా నుండుటచే, మూత్రపిండముల వ్యాధి గలవారికి ప్రమాదము కలుగవచ్చును.

మునగాకు, తోటకూర, కరివేపాకు, జామ, బొప్పాయి మొదలగునవి ఇంటి పెరటిలోనే పండును. వీనియందు యాంటీఆక్సిడెంట్లతోపాటు పీచుపదార్థమును, ఇతర పోషకములును గలవు. మాత్ర వీనికి బదులు కానేరదు.

పాటింపవలసినవి

1. దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు భుజింపుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇదియే.

2. కూరలను కడిగిన పిమ్మట తరుగుడు. ఎక్కువసేపు ఉడికించినచో విటమిన్ సి నశించును.

3. పొగాకును విడువుడు. మాత్ర మ్రింగుచు పొగత్రాగువాడు రక్షణ పొందినవాడు కాడు.

4. రక్తపోటు, మధుమేహములకు వైద్యుడిచ్చిన మందులను మాని, రసములను నమ్ముకొనకుడు.

5. గర్భిణులకును, శిశువులకును ఆరోగ్యకేంద్రములో ఇచ్చు విటమిన్లు, ఇనుము మాత్రలు వేరు. వానిని తప్పక వాడవలెను.

ఆయువును సీసాలో కొనజాలము. వృద్ధులు తమ కొద్దిపాటి పింఛను సొమ్మును ఇట్టి రసములకు వెచ్చించుటకంటె, పండ్లకును, ఆకుకూరలకును వినియోగించుట శ్రేయస్కరము.