వార్తల్లో పదం: సముదాయ మానసిక వైద్యం

మహారాష్ట్రలోని భివండీలో, ధామన్‌కర్ నాకా పరిసరాల్లోని మరమగ్గాల షెడ్లలో షిఫ్టంటే 12 గంటలు. లేని గొంతులు వినపడటం, ఎవరో చంపడానికి వస్తున్నారని గట్టిగా నమ్మడం సైకోసిస్ లక్షణాలు. ఈ కార్మికుల్లో అలాంటి లక్షణాలున్న మనిషిని ఠాణే మానసిక ఆస్పత్రికి తీసుకెళ్తే తోడు వెళ్లినవాళ్లకీ ఆ రోజు కూలి ఉండదు. మందులు మధ్యలో ఆగిపోవడానికి ఇదో పెద్ద కారణం. వైద్యాన్నే రోగి ఉండే చోటికి తేవడం సముదాయ మానసిక వైద్యం.

ఇందులో దారులు వేర్వేరు. 1970లలో అమెరికాలోని మాడిసన్‌లో డాక్టర్లు, నర్సులు, సామాజిక కార్యకర్తలు బృందంగా ఇళ్లకు వెళ్లారు. ఇటలీ 1978 చట్టంతో పిచ్చాసుపత్రుల్లో కొత్త చేరికలు ఆపి, ఊళ్లలో కేంద్రాలు తెరిచింది. మన దేశంలో కర్ణాటకలోని బళ్లారి ప్రయోగం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) డాక్టర్లకే శిక్షణ ఇచ్చింది; 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది.

మనకు అన్నిటికన్నా పనికొచ్చేది 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన కోప్సీ అధ్యయనం. తమిళనాడు, గోవా, సతారాల్లో 282 మంది స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ప్రధానంగా ఉండే జబ్బు) రోగులను పరిశీలించారు. ఆస్పత్రి వైద్యానికి తోడు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినచోట లక్షణాలు, రోజువారీ ఇబ్బందులు కొంత ఎక్కువ తగ్గాయి. ఎక్కువ మేలు తమిళనాడు పల్లెల్లోనే. వివక్ష మాత్రం తగ్గలేదు.

తెలుగు నేత కుటుంబాలుండే భివండీ పద్మశాలి వాడలకు ఈ పద్ధతే సరిపోతుందని నా నమ్మకం, వచ్చే కార్యకర్తకు తెలుగు వస్తే. అలాంటి కార్యకర్తలు వచ్చేవరకూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఉచితంగా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.